గట్టు మీది నల్లతుమ్మ కొట్టేసే ముందు ఒక్కసారి ఆగండి

పై వీడియోలో కనిపిస్తున్నది మా పొలం గట్టు మీది నల్లతుమ్మ. దీని పక్కన ఇంకో మూడు ఉండేవండీ. నీడకి వరి ఎదగట్లేదని నేనే పట్టుబట్టి కొట్టించాను. చేవ తేలిన మానులు పొయ్యికట్టెల రేటుకే పోయాయి. ఆ ఎండాకాలం మేకలు మేపుకునే పెద్దాయన వచ్చి, "కాయలేవి అయ్యా?" అనడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ముందుగా, దీన్ని సర్కారు తుమ్మతో కలిపి తిట్టకండి. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. దాని పూత సన్నటి కంకిలా, కాయ పసుపుగా పొడుగ్గా ఉంటుంది. నల్లతుమ్మకి పసుపు ఉండల్లాంటి పూలు, పూసలదండ లాంటి కాయలు.

నాగలి, కాడి, బండి చక్రం అన్నీ ఒకప్పుడు ఈ కర్రతోనే చేసేవారు. ఇప్పటికీ పారకి, గొడ్డలికి కామ వేయాలంటే దీని చేవ గట్టిది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకి మాత్రం పురుగు పడుతుంది. అందుకే మన పెద్దలు దుంగల్ని కొన్ని వారాలు చెరువు నీళ్లలో ఊరబెట్టి, నీడన ఆరబెట్టేవారు.

బెరడు తోళ్లు ఊనడానికి, బంక అమ్మకానికి, లేత పుల్ల పళ్లు తోముకోవడానికి, ముళ్లకంప కంచెకి పనికొస్తాయి. ఇది పప్పుజాతి చెట్టు, కాబట్టి వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి.

మరి నీడ సంగతేంటి? నీడ కింద పంట తగ్గే మాట నిజమే. దానికి చెట్టు కొట్టక్కర్లేదు. తొలకరికి ముందు పక్క కొమ్మలు నరికి, తల పైకి పోనివ్వండి. ఛత్తీస్‌గఢ్ వరి రైతులు ఇలాగే గట్ల మీద తుమ్మల్ని తరతరాలుగా పెంచుతున్నారు. కొత్తగా వేసేవాళ్లు పక్క రైతుకి ఇబ్బంది లేకుండా డొంక వైపు గట్టు మీద, దూరం దూరంగా వేసుకోండి.

విత్తనానికి ఖర్చు లేదు. మేకలు నెమరేసి ఉమ్మేసిన గింజలు దొడ్లో ఏరుకుంటే చాలు, బాగా మొలుస్తాయి. నేరుగా కాయల నుంచి తీసినవైతే వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి.

ఈసారి ఆ పెద్దాయన దొడ్లో ఏరిన గింజలే పాత మొదళ్ల పక్కన నాటాను. మొలకలు వీడియో చివర్లో ఉన్నాయి, చూడండి. కొట్టడానికి ఒక పూట పట్టింది. మళ్లీ అంత చేవ తేలడానికి ఎన్నేళ్లు ఆగాలో మీకు తెలియంది కాదు.