రక్తపరీక్ష చెప్పేదేమిటి? చెప్పనిదేమిటి?



భద్రాచలం నుండి చింతూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే దారిలో, కుంట దగ్గర సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా వస్తుంది. అక్కడ జ్వరం అనగానే ముందుగా అనుమానించేది మలేరియాను. 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్’ పేరుతో ఇంటింటికీ వెళ్ళి, జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్షలు చేయించడం మొదలుపెట్టింది. వేలికొన నుండి ఒక చుక్క రక్తం, ఒక చిన్న పట్టీ, సుమారు 20 నిమిషాల్లో ఫలితం. పాజిటివ్ వచ్చినవారిలో చాలామందికి ఏ లక్షణమూ లేదు. పరీక్ష చేయకపోతే వారి సంగతి తెలిసేదే కాదు.

ఇంత ఉపయోగపడే పరీక్ష కూడా ఒక్కొక్కసారి పొరబడుతుంది. ఎందుకో తెలుసుకుందాం.

సూక్ష్మజీవులు శరీరంలో ప్రవేశించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ ప్రతిరక్షకాలనే ప్రోటీన్లను తయారుచేస్తుంది. కొందరిలో ఈ వ్యవస్థ సొంత కణజాలాన్నే శత్రువుగా భావించి దెబ్బతీస్తుంది. ఇదే ఆటోఇమ్యూన్ వ్యాధి. కీళ్ళను దెబ్బతీసే రుమటాయిడ్ కీళ్ళవాతం ఇందుకు ఒక ఉదాహరణ. ఈ రోగుల్లో చాలామంది రక్తంలో ‘రుమటాయిడ్ ఫ్యాక్టర్’ ఉంటుంది. ఇది ఇతర ప్రతిరక్షకాలకు అంటుకునే ఒక విచిత్రమైన ప్రతిరక్షకం.

ఇప్పుడు మలేరియా పట్టీని గమనించండి. దాని మీద ఒక గీత వెంట ప్రతిరక్షకాలు అతికించి ఉంటాయి. రంగు పూసిన మరికొన్ని ప్రతిరక్షకాలు రక్తంతో పాటు ప్రవహిస్తాయి. మలేరియా పరాన్నజీవి ప్రోటీన్ ఈ రెండింటి మధ్య వంతెనలా నిలిస్తే రంగు గీత కనిపిస్తుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా అలాంటి వంతెన కాగలదు. అప్పుడు మలేరియా లేకున్నా గీత రావచ్చు.

దీనికి తిరగబడ్డ పొరపాటూ ఉంది. మలేరియా, క్షయ, కుష్ఠు వంటి వ్యాధుల్లో కీళ్ళవాతం లేనివారి రక్తంలో కూడా రుమటాయిడ్ ఫ్యాక్టర్ కనిపించవచ్చు. అలాగే సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష మలేరియాలోనూ, లూపస్ అనే ఆటోఇమ్యూన్ వ్యాధిలోనూ పాజిటివ్ కావచ్చు. రెండో రకం పరీక్షతో నిర్ధారించకుండా ఆ కాగితాన్ని నమ్మితే, ఏ తప్పూ చేయని మనిషి మీద నింద పడుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 1000 మందిలో 5 మందికి కీళ్ళవాతం ఉందనుకుందాం. పరీక్ష వారిలో 4 గురిని పట్టుకుంటుంది. మిగిలిన 995 మందిలో నూటికి 5 గురికి పొరపాటున పాజిటివ్ వస్తే, వారు దాదాపు 50 మంది. అంటే 54 పాజిటివ్‌లలో నిజమైనవి 4 మాత్రమే! ఇక వారాల తరబడి కీళ్ళు వాచి, ఉదయం బిగుసుకుపోయే 100 మందికే పరీక్ష చేశామనుకోండి. వారిలో 40 మందికి వ్యాధి ఉంటే, 32 నిజమైన పాజిటివ్‌లు వస్తాయి, పొరపాటువి 3. పరీక్ష అదే. ఎవరికి చేశామన్నదే మారింది.

ఈ లెక్క సుక్మాకు కూడా వర్తిస్తుంది. మలేరియా ఎక్కువగా ఉన్నచోట పట్టీ మీద గీత చాలావరకు నిజమే చెబుతుంది. అందువల్ల ‘పరీక్ష తప్పేమో’ అని మందులు ఆపకూడదు. ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. కానీ చికిత్స పూర్తయ్యాక కూడా జ్వరం, కీళ్ళనొప్పులు తగ్గకపోతే వైద్యుడు వేరే కారణం వెతకాలి. ఒక రకం పట్టీ మలేరియా నయమైన తరువాత కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపుతుంది. అటువంటప్పుడు సూక్ష్మదర్శినితో రక్తపు పూతను పరీక్షించాలి.

మరోవైపు, ‘ఫ్యాక్టర్ పాజిటివ్’ అన్న ఒక్క మాటతో కీళ్ళవాతం మందులు వాడటం ప్రమాదకరం. వాటిలో చాలా మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. లోపల దాగి ఉన్న క్షయ విజృంభించవచ్చు.

కాబట్టి విద్యార్థులారా, రక్తపరీక్ష ఒక సాక్షి మాత్రమే, తీర్పరి కాదు. మీ ఇంట్లో ఎవరైనా వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు కాగితం ఒక్కటే చూపించకండి. ఎప్పటినుండి బాధ, ఇటీవల ఏ జ్వరం వచ్చింది, ఏ ఊరికి వెళ్ళివచ్చారు, ఏ మందులు వాడారు అన్నవన్నీ చెప్పండి. ఆ వివరాలతో కలిపి చూసినప్పుడే కాగితం మీది అంకెకు అర్థం ఏర్పడుతుంది.