కొల్లేటి వడ్డీలు: నీటి దారి, చేప దారి

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దానిలోకి వాననీటిని తెస్తాయి. మిగులు నీరు సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఉప్పుటేరు గుండా బంగాళాఖాతం చేరుతుంది. ఈ రాకపోకలను ఆధారం చేసుకొని సరస్సులోని లంక గ్రామాల వడ్డీలు తరతరాలుగా చేపలు పట్టి అమ్ముకుంటున్నారు.

వారి ముఖ్య సాధనాలు తాటిదోనె, వల, మావు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన పెట్టె. దాని నోరు లోపలికి పోనుపోను సన్నబడుతుంది కనుక దూరిన చేపకు తిరుగుదారి దొరకదు. నీటికి అడ్డంగా తడికలు కట్టి చేపలను మావులవైపు మళ్ళిస్తారు. బహ్రెయిన్‌లో నువైద్రాత్ ఉన్న తూర్పు తీరాన, లోతులేని సముద్రంలో ఖర్జూర మట్టలతో కట్టే హద్రా కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. అక్కడ చేపను తెచ్చేది ఆటుపోట్లు, ఇక్కడ వరద. రెండుచోట్లా జాలరి చేపను తరమడు, అది వచ్చే దారిలో కాపు కాస్తాడు.

మావులో పడే వాటిలో విలువైనది కొరమేను. మొప్పలతో పాటు తలభాగంలో గాలి పీల్చే గదులు ఉండడం వల్ల, ఆక్సిజన్ తగ్గిన బురదనీటిలోనూ అది పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. తడి ఆరకుండా చూస్తే ప్రాణంతోనే సంతకు చేరుతుంది. మంచుగడ్డ దొరకని రోజుల్లో జాలరికి బేరమాడే వ్యవధినిచ్చింది ఈ శరీరధర్మమే. అయితే గంటల తరబడి నీటిలో నానిన కాళ్ళకు పుండ్లు పడతాయి. ఆ గాయాల గుండా లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు సోకే ప్రమాదం ఉంది.

1970ల నుంచి సహకార సంఘాల పేరిట చేపల చెరువులు వచ్చాయి. వాటిలో చాలా భాగం క్రమంగా కౌలు రూపంలో పెట్టుబడిదారుల చేతికి పోగా, వడ్డీలలో అనేకులు ఆ గట్ల మీదే కూలీలయ్యారు. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో చెరువు గట్లను కూల్చారు. పెట్టుబడిదారుల చెరువులతో పాటు సంఘాలవీ పోయాయి. సంప్రదాయ వేటను మాత్రం చట్టం అనుమతించింది.

కాని ఆ అనుమతి ఒక్కటే కూడు పెట్టదు. ఎక్కడ మళ్ళీ గట్టు లేచినా, ఎక్కడ ఉప్పుటేరు పూడినా, వరదతో వచ్చే చేప దారి తప్పుతుంది. వడ్డీల వేటహక్కు నిలవాలంటే ముందుగా ఏటి నుంచి సముద్రం దాకా నీటి దారి తెరిచి ఉండాలి.