గోడా, ఓ గోడా!

మా ఊరు ఉన్నచోటు నుంచి కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. మా తాతగారి కాలంలో గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తది పుట్టి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెడితే, మేము ప్రకాశం వాళ్ళమయ్యాము. 2022లో బాపట్ల జిల్లాలో తేలాము. పర్చూరు చుట్టుపట్ల నల్లరేగడికి మాత్రం ఈ సంగతులేవీ పట్టినట్టు లేదు. వానొస్తే కాళ్ళకు అంటుకోవటం, ఎండొస్తే కాళ్ళు పట్టేటంత నెర్రెలివ్వటం ఏ జిల్లాలోనూ మానలేదు. ఊరివాళ్ళకూ పట్టలేదు. ఇంత పెద్ద సరిహద్దులు మారుతున్నా నోరెత్తని మా ఊళ్ళో, పదిగజాల మట్టిగోడ ఒకటి మాత్రం రోజూ చర్చనీయాంశంగా ఉండేది.

ఆ గోడ మా పక్కింటిది. పక్కిళ్ళది అనాలి. గోడకు తూర్పున అన్నగారు, పడమట తమ్ముడుగారు. అన్నగారు పత్తి తప్ప మరోటి వెయ్యరు. తమ్ముడుగారు మిరప తప్ప మరోటి వెయ్యరు. అంచేత వీధి పిల్లలందరికీ ఒకరు పత్తి పెదనాన్న, ఇంకొకరు మిరప బాబాయి. ఆస్తి పంపకాలప్పుడు పొలం, పశువులు, చివరికి పేడదిబ్బ కూడా పేచీ లేకుండా రెండు ముక్కలయ్యాయిట. తండ్రిగారి ఇత్తడి గంగాళం దగ్గర బండి ఆగింది. పెద్దమనుషులు బుర్రలు గోక్కుని, గంగాళం అన్నకూ, మూత తమ్ముడికీ ఇప్పించారు. ఆనాటి నుంచి పెదనాన్న మూతలేని గంగాళంలో నీళ్ళు కాచుకునేవాడు. బాబాయి ఆ మూతను కల్లంలో వేలాడగట్టి, మిరపకాయల మీదికొచ్చే కోళ్ళను అదరగొట్టటానికి కర్రతో మోగించేవాడు. ఆ మోత వినపడ్డప్పుడల్లా పెదనాన్న మొహం చూడాలి!

సరే, మాటలు లేవు. తోడికోడళ్ళు మాత్రం గోడ మీదుగా కూరగిన్నెలు మార్చుకునేవాళ్ళు. మొగాళ్ళిద్దరికీ అది కనపడదు, అంతే. కాని ఒకే బావి, ఒకే పొలంగట్టు, ఒకే నాగార్జునసాగర్ కాలవ ఉన్నవాళ్ళు మాట్లాడుకోకుండా ఎన్నాళ్ళుంటారు? అందుకని గోడతో మాట్లాడేవాళ్ళు.

"గోడా! రేపు కాలవలో నీళ్ళు మా వంతు. రాత్రికి మడవ కట్టెయ్యాలని కొందరికి చెప్పు."

"గోడా! కొందరికి వంతులు నేర్పింది ఎవరో అడుగు."

గోడ నిలువెత్తుది కూడా కాదు, రొమ్మెత్తుది. పైన తాటాకు కప్పు. ఇద్దరి తలకాయలూ ఇద్దరికీ కనపడుతూనే ఉండేవి. అయినా చూపులు గోడ మీదే. ఇప్పుడు నేను పిల్లలకు వ్యాకరణం చెపుతూ సంబోధనా ప్రథమ దగ్గరికి వచ్చేసరికి, పుస్తకంలో రాముడు, రాజు అని ఏ ఉదాహరణ ఉన్నా నాకు గోడే మనసులో మెదులుతుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు విజయవాడ రేడియోలో నాటకం వచ్చేది. రేడియో బాబాయిది. దాన్ని తెచ్చి గోడ మీద పెట్టి, "గోడా, నీకు నాటకాలంటే ఇష్టం గదా, విను" అనేవాడు. పెదనాన్న అటుపక్క నులకమంచం గోడకు ఆనించుకుని పడుకునేవాడు. నాటకంలో ఎవరైనా ఏడిస్తే రెండుపక్కలా ముక్కులు చీదే చప్పుడు. ఒకసారి సరిగ్గా రహస్యం బయటపడేచోట బ్యాటరీలు అయిపోయాయి. పెదనాన్న ఇంట్లోకి వెళ్ళి, టార్చిలైటులో బ్యాటరీలు ఊడదీసి తెచ్చి గోడ మీద పెట్టాడు. బాబాయి అవి వేసుకుని, నాటకం అయిపోగానే మళ్ళీ అక్కడే పెట్టాడు. ఒక్క మాట లేదు.

పత్తి ఏరే రోజుల్లో పెదనాన్నగారి పడమటింటి గది వాసాల దాకా నిండేది. పిల్లలం అటక మీంచి అందులోకి దూకేవాళ్ళం. ఆయన మమ్మల్ని కేకలేస్తూనే లెక్కపెట్టేవాడు. "ఆరుగురు దూకారు, అయిదుగురే లేచారు, ఆరోవాడేడిరా?" అని తనే దిగి పత్తిలో వెతికేవాడు.

1987లో ఆ గది నిండలేదు. అంతకుముందు రెండేళ్ళు తెల్లదోమ. అప్పటికి సింథటిక్ పైరిత్రాయిడ్లని కొత్తరకం మందులు వచ్చి కొన్నేళ్ళయింది. కొట్టిన మొదట్లో పురుగు టపటపా రాలింది. రాలుతోంది గదా అని ఇంకా కొట్టారు. పురుగును తినే మంచి పురుగులు ముందు పోయాయి. చెడ్డ పురుగు మందుకు అలవాటుపడింది. ఆ ఏడు శనగపచ్చ పురుగు చేలమీద పడింది. గూడ రాలిపోయింది, కాయ తొలిచేసింది. పెదనాన్న వారానికి రెండుసార్లు మందు కొట్టించాడు, దానిలో దీన్ని కలిపి, దీనిలో దాన్ని కలిపి. చేలో నిలబడితే మనిషికి కళ్ళు తిరిగేవి, పురుగు మాత్రం నింపాదిగా తినేది. మందులకొట్టు బాకీ పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. పెద్దవాళ్ళు మేము వస్తే మాట మార్చేవాళ్ళు.

పెదనాన్న గోడ దగ్గరికి రావటం మానేశాడు. ఆదివారం నాటకానికి కూడా మంచం వెయ్యలేదు.

ఒక సాయంత్రం బాబాయి గోడ దగ్గర నిలబడి, ఊరంతా వినపడేటట్టు మొదలెట్టాడు. "గోడా! నా మిరపకు తామరపురుగు తగిలింది. కొట్లో అరువు పుట్టటం లేదు. కొందరింట్లో మందు డబ్బాలున్నాయిట. ఇస్తే పంట మీద ఇచ్చుకుంటాను."

అటునుంచి చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఒక డబ్బా వచ్చి గోడ మీద కూర్చుంది.

మర్నాడు "గోడా, చాల్లేదు" అన్నాడు. ఇంకోటి వచ్చింది. ఆ మర్నాడు కింద ముడత అన్నాడు. తరవాత పై ముడత అన్నాడు. ఆ వారంలో ఆయన మిరపచేనుకు రాని తెగులు లేదు. చివరికి సగం వాడిన సీసాలు కూడా వదలకుండా, "గోడా, అడుగున మిగిలిందైనా సరే, కడిగి కొట్టుకుంటాను" అన్నాడు. నేను ఆ చేను గట్టుమీదుగానే బడికి వెళ్ళేవాణ్ణి. ఆకు పచ్చగా నిగనిగలాడుతోంది. డబ్బాలన్నీ మా కొట్టం అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. తాళంచెవి మా నాయనమ్మ మొలలో ఉంది. ఎవరికీ చెప్పవద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. నాయనమ్మ పోయి చాలాకాలమైంది గనుక ఇప్పుడు చెప్పవచ్చు.

కల్లంలో కాయ ఎండి, తాలు ఏరి, బస్తాలు గుంటూరు వెళ్ళివచ్చాక బాబాయి నోట్లు రుమాల్లో కట్టి గోడ మీద పెట్టి పైన రాయి పెట్టాడు. పెదనాన్న రెండుసార్లు లెక్కపెట్టాడు.

"గోడా! మందు ఖరీదుకు ఇది మూడింతలుందే?"

"గోడా! అందులో నీ అద్దె కూడా ఉందని చెప్పు."

అంతటితో కష్టాలు తీరాయని కాదు. పెదనాన్న రెండెకరాలు అమ్మాడు, ఎద్దుల జత అమ్మాడు. కాని ఆ ఆదివారం మూడు గంటలకు నులకమంచం గోడ దగ్గరికి వచ్చింది.

1990 మే 9న తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆ వానకు గోడ పడిపోయింది. పొద్దున్నే ఇద్దరూ బయటికి వచ్చి చూసుకున్నారు. మధ్యన ఏమీ లేదు. బాబాయి నోరు తెరిచి మూసుకున్నాడు. పెదనాన్న గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. ఎవరిని పిలవాలో ఇద్దరికీ తోచలేదు! మూడురోజులపాటు ఆ రెండిళ్ళలో మాటామంతీ లేక తోడికోడళ్ళకు పిచ్చెత్తిపోయింది. "పోన్లెండి, పీడా పోయింది, ఇక తిన్నగా మాట్లాడుకోండి" అన్నది మా నాయనమ్మ. ఇద్దరూ ఆవిడను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

నాలుగోనాడు బాబాయి మట్టి తొక్కటం మొదలుపెట్టాడు. కాసేపటికి పెదనాన్న వరిగడ్డి మోపు తెచ్చి అందులో వేశాడు. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు పెట్టుకొస్తున్నారు. మోకాటి ఎత్తు లేచిందో లేదో, పెదనాన్న ఇక ఆగలేకపోయాడు.

"గోడా! ఆ పార కాస్త ఇటు అందించమను."