రంగం నుంచి వచ్చిన బాకీ

మా ఉద్దానంలో "రంగం" అంటే యుద్ధరంగమూ కాదు, నాటకరంగమూ కాదు, రంగూన్ పట్టణం. "ఆళ్ళ పెద్దోడు రంగం ఎల్లిపోనాడు" అన్నారంటే ఆ ఇంటికి మనియార్డరు వస్తుందని అర్థం. పలాస, టెక్కలి వైపు నుంచీ, సముద్రం ఒడ్డు పల్లెల నుంచీ ఓడలెక్కినవారు తరతరాలుగా ఉన్నారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువారు లక్షన్నర పైచిలుకు తేలారు. రేవులో బస్తాలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో కూలీలు, రిక్షా లాగేవారు, చిన్న చిన్న కొట్ల వారు. అక్కడివారు మనవాళ్ళను "కోరంగీలు" అనేవారట, మన కోరంగి రేవు పేరు మీద.

1942లో రంగూన్ జపాను వారి వశమైనప్పుడు అడవులు పట్టి నడిచి వచ్చినవారి కథలు మా వైపు ముసలివాళ్ళు కన్నీళ్ళతో చెప్పేవారు. 1964 కథ మాత్రం ఎవరూ అంతగా చెప్పలేదు. అందులో బాంబులు లేవు మరి, కాగితాలే ఉన్నాయి. 1962 మార్చిలో జనరల్ నెవిన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరమైనాయి. ఆ మే 17న యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మా తాత కిరాణా కొట్టు మొదటిదానితో పోయింది. డబ్బాలో దాచుకున్నది రెండోదానితో పోయింది. పదకొండేళ్ళ మా నాన్న చెయ్యి పట్టుకుని ఆయన విశాఖపట్నంలో దిగాడు. ఆ ఊళ్ళో "బర్మా క్యాంపు" అన్న పేరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇలా వచ్చినవారిని కాందిశీకులంటాం. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కదా, ఒక్క మాట చెప్పనివ్వండి: "కాం దిశం", అనగా "ఏ దిక్కుకు పోదును?" అని అడిగేవాడు కాందిశీకుడు. ఆ ప్రశ్నకు జవాబుగా సర్కారు కొంత సొమ్ము ఇచ్చింది. క్యాంపులో ఉన్నన్నాళ్ళూ భత్యం, పిల్లల చదువుకు స్టైపెండు, ఆపైన మా తాత కొట్టు పెట్టుకోవడానికి రెండు వేలు. తిరిగి వచ్చినవారి కోసమే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు కూడా వెలిసింది. దక్షిణాదికి బర్మా, సింహళాల నుంచి వచ్చినవారికి ఊతమివ్వడం దాని పని.

సాయం అందింది, సంతోషమే. కాని ఏది ఉచితం, ఏది అప్పు అన్నది మా తాతకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంగ్లీషు కాగితాల మీద ఒకటికి మూడు చోట్ల వేలిముద్ర వేసి, ఇచ్చినవారికి దండం పెట్టి వచ్చాడు. ఆ రెండు వేలతో పెట్టిన కొట్టు రెండు వర్షాకాలాలు నడిచి మూతపడింది. మిగిలిన సరుకు అమ్మి, ఉద్దానంలో అరెకరం కొబ్బరితోట కొన్నాడు.

మా నాన్న బి.ఏ. చివరి సంవత్సరంలో ఉండగా, 1975లో, తాఖీదు వచ్చింది. బాకీ, దాని మీద వడ్డీ; కట్టకపోతే శిస్తు బకాయి వసూలు చేసినట్టే జప్తు చేస్తామని. మా తాత కాగితం తిరగేసి మరగేసి, "ఇచ్చిన్రోజున అప్పని ఎవులు సెప్పేరు?" అని కూర్చున్నాడట. అంతటితో పోతే బాగుండేది. ఒక ఆఫీసులో గుమాస్తా ఒకాయన, కుర్రాడు తిన్న స్టైపెండు కూడా కక్కాలన్నాడు. ఆ లెక్క చూసి మా నాన్న చదువు మానేసి జీడిపప్పు బట్టీలో లెక్కలు రాయడానికి ఒప్పుకున్నాడు. పరీక్ష ఫీజుకు దాచిన డబ్బు మామ్మ చేతిలో పెట్టాడు.

ఆయన్ని కాపాడింది ఒక చిన్న పని. అసలు కాగితం చూపించమని అడిగాడు. నాలుగుసార్లు తిప్పించుకున్నాక ఒక పెద్దమనిషి దస్త్రం తీయించి చదివి చెప్పాడు: రెండు వేలకే పత్రం ఉన్నది; భత్యానికీ స్టైపెండుకూ తిరిగి కట్టాలన్న షరతు ఎక్కడా లేదు! బాకీలేని బాకీకి ఒక పిల్లవాడి చదువు పోబోయింది. రెండు వేలకూ వాయిదాలు అడిగి రాయించుకున్నారు. పరీక్షకు మామ్మ డబ్బు తిరిగి ఇచ్చింది. చివరి వాయిదా 1981లో కట్టి, రసీదుతోపాటు రద్దు చేసిన పత్రాన్ని కూడా పట్టుబట్టి తెచ్చుకున్నారు.

అప్పు ఇవ్వడం తప్పని నేననను. జర్మనీలో చదివే విద్యార్థులకు, గుర్తింపు పొందిన కాందిశీకులతో సహా, "బాఫోగ్" అనే సాయం ఉన్నది. మామూలుగా అందులో సగం ఉచితం, సగం వడ్డీలేని అప్పు. నెలకు 130 యూరోల చొప్పున తీర్చాలి; ఎంత తీసుకున్నా 10,010 యూరోలకు మించి అడగరు. అమెరికా చేరిన కాందిశీకులకు విమానం టిక్కెట్టే తొలి అప్పు. దిగిన ఆరు నెలలకు వాయిదాలు మొదలవుతాయి. బరువు బరువే గాని, ఎంతో ముందే తెలుస్తుంది.

మన పిల్లల సంగతి? 2021 నుంచి కొన్నేళ్ళు కాలేజీ ఫీజు సొమ్మును ప్రభుత్వం తల్లుల ఖాతాల్లో వేసింది. తల్లులు తీసుకెళ్ళి కాలేజీలో కట్టాలి. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు కొబ్బరిచెట్లు కూలిన ఇళ్ళు మావి. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా ఉద్దానపు కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. అటువంటి ఇంట ఖాతాలో సొమ్ము పడితే అది ఫీజా, డయాలసిస్‌కు పోయే ఆటో కిరాయా?

నా దగ్గర చదివి, వేరే కాలేజీలో పై చదువుకు చేరిన అమ్మాయి ఒకతె మొన్నామధ్య ఏడుస్తూ వచ్చింది. రెండు విడతల సొమ్ము తండ్రి వైద్యానికి ఖర్చయింది. అక్కడ సర్టిఫికెట్లు ఇవ్వమంటున్నారు. ఊళ్ళో ఎవరో, సర్కారు సొమ్ము తిన్నందుకు రేషను కార్డు తీసేస్తారని కూడా బెదరగొట్టారట. ముందు కాలేజీలో లెక్క రాతపూర్వకంగా అడగమన్నాను. ఏ విడత వచ్చింది, ఏది రాలేదు, ప్రభుత్వం ఇంకా విడుదల చెయ్యనిదెంత? చూస్తే వాళ్ళు అడిగినదాంట్లో ఒక విడత అసలు ఆ తల్లి ఖాతాలో పడనే లేదు! ఫీజు కోసం అసలు సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. రేషను కార్డు మాట వట్టి పుకారు.

"మాస్టారూ, అయితే ఆ మిగిలిందైనా కట్టాలా?" అంది.

"కట్టాలమ్మా. అది మీరు పుచ్చుకున్నదే కదా," అన్నాను.

మూడు వాయిదాలకు ఒప్పుకున్నారు. రెండు కట్టింది, రసీదులు నాకు చూపించింది. మూడోది జీడి పిక్కల కాలానికి.