తాత్కాలిక మోటారుకు వైరు కొంటున్నారా? ఎర్తు కోరు మరవకండి

వానలకు కుంట నిండింది. ఉన్న నాలుగు నీళ్లు మడికి పెట్టుకుందామని చిన్న మోటారును గట్టు మీద దించి, స్టార్టరు డబ్బా దగ్గర్నుంచి వైరు లాగుతాం. నాలుగు రోజుల పనే కదా అని ఇంట్లో పడి ఉన్న ముక్కలన్నీ ముడేస్తాం. జాయింటుకు టేపు లేకపోతే పాలిథిన్ కవరు చుడతాం. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే.

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు నుంచి కూరగాయలు, పూలు, పాలు పట్నానికి తెచ్చేవారు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా పోతూనే ఉంటారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల కట్టడాలు ఆగింది లేదు. ఈసారి పోయినప్పుడు, పద్ధతిగా పని నడిచే చోట ఒక్క నిమిషం ఆగి కరెంటు ఎట్లా లాగారో చూడండి. లావుపాటి రబ్బరు తొడుగు వైరు, దానికి గట్టి ప్లగ్గు, నేల మీద కాకుండా గుంజలకు వేలాడదీసిన వరుస కనిపిస్తాయి. అక్కడ నీళ్లు, బురద, ఈడ్పులాట. మన పొలంలోనూ అవే. వాళ్ల కాళ్లకు బూట్లైనా ఉంటాయి, మనవి ఉత్త కాళ్లు.

ఇద్దరికీ వర్తించే నియమం ఒకటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, 2023లో వాటిని కొత్తగా ఇచ్చారు. అటూ ఇటూ జరిపే మోటార్లకు వాడే మెత్తని వైరు సింగిల్ ఫేజుకైతే మూడు కోర్లది, త్రీఫేజుకైతే నాలుగు కోర్లది ఉండాలి. ఎర్తు కోరును చూడగానే గుర్తుపట్టేటట్టుండాలి. అందుకే దానికి ఆకుపచ్చ రంగో, ఆకుపచ్చ పసుపు చారలో ఇస్తారు.

మనం కొనేది మాత్రం ఒక కోరు తక్కువ. త్రీఫేజు మోటారుకు బోరులో దించే చదును వైరు తెస్తాం. దానిలో ఉండేవి మూడు కోర్లే, మూడూ ఫేజులకే సరి. గడ్డి కోసే మిషనుకు రెండు కోర్ల వైరు వేస్తాం. మా బావమరిది ఇంట్లో జరిగిందిదే. చెమ్మకు మోటారు లోపల ఇన్సులేషన్ పాడై బాడీకి కరెంటు వచ్చింది. మిషను మాత్రం ఎప్పటిలాగే తిరుగుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు. పాడి బర్రె మూతి పెట్టి అక్కడికక్కడే పడిపోయింది. ఆ పొద్దున గడ్డి వేసింది మా చెల్లెలే.

ఎర్తు కోరు ఉంటే ఆ కరెంటు దాని గుండా భూమిలోకి పోతుంది. అయితే ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే ఫీజు ఎగిరేంత కరెంటు పారకపోవచ్చు. కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించుకోండి. ఎం.సి.బి. వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఇది.

ఇక వైరు లావు సంగతి. 5 హెచ్.పి. త్రీఫేజు మోటారు సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. వంద మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దారిలో పోయే వోల్టేజి తొమ్మిది, పది వోల్టులు. 1 చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే ఇరవై రెండుకు పైగా పోతుంది. మన దగ్గర వోల్టేజి అసలే తక్కువ. వైండింగు కాలితే వైరులో మిగిల్చిన డబ్బు దానికి చాలదు. సింగిల్ ఫేజుకు తరుగు ఇంకా ఎక్కువ. 2 హెచ్.పి. గడ్డి మిషనును యాభై మీటర్ల దూరం వరకు 2.5తో నడపొచ్చు. వంద మీటర్లయితే 4 చదరపు మిల్లీమీటర్లది కావాలి. డబ్బు చాలకపోతే పలచటి వైరు కొనకండి. మోటారును దగ్గరికి జరుపుకోండి, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మంచి వైరు కొని వంతులవారీగా వాడుకోండి.

ఈడ్చి వాడేదానికి రబ్బరు తొడుగు వైరే మేలు. పి.వి.సి. ఎండకు బిరుసెక్కి పగులుతుంది. కొట్లో పి.వి.సి. వైరు మీద ఐ.ఎస్. 694, రబ్బరు వైరు మీద ఐ.ఎస్. 9968 అని ఉందా చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు సి.ఎం./ఎల్. నంబరు ఉంటుంది. ఆ నంబరును ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. పిల్లలకు చెబితే క్షణంలో చూస్తారు.

కొస కోయించి ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. తూకం కూడా చెబుతుంది. మూడు కోర్ల 2.5 వైరు వంద మీటర్ల చుట్టలో రాగి ఒక్కటే దాదాపు ఆరు కిలోలు ఉండాలి, తొడుగు బరువు వేరే. చుట్ట మొత్తం కలిపి నాలుగైదు కిలోలే తూగితే కొట్టువాడికి దణ్ణం పెట్టి వచ్చేయండి. బిల్లు మాత్రం ఎక్కడ కొన్నా అడిగి తీసుకోండి.

కట్టడాల దగ్గర వాడి పారేసిన వైరు పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరుకుతుంది. పైకి బాగానే ఉంటుంది, లోపల పోగులు తెగి ఉంటాయి. తొడుగు మీద ఒక్క గాటు, ఒక్క అతుకు కనిపించినా తీసుకోవద్దు.

వైరు పరిచేటప్పుడు చుట్టలో సగం అట్లాగే ఉంచి మోటారు వేయకండి. చుట్ట లోపల వేడి పట్టి తొడుగు కరుగుతుంది. మొత్తం విప్పండి. జాయింటు తప్పనిసరైతే అది నీటికి, తడి నేలకు దూరంగా గుంజ మీద ఉండాలి. ట్రాక్టరు దారి దాటేచోట పైపులో దూర్చి పూడ్చండి. లైను తీగకు కొక్కెం మాత్రం వేయొద్దు. డబ్బాలో కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. స్తంభం దగ్గర తేడా కనిపిస్తే 1912కు ఫోను చేయండి.

పని అయ్యాక ముందు స్టార్టరు, తర్వాత మెయిను ఆపి అప్పుడు వైరు ముట్టుకోండి. తడి తుడిచి, వదులుగా చుట్టి, ఎలుకలు ఎక్కని చోట వేలాడదీయండి. మళ్లీ తీసినప్పుడు మెయిను ఆపి ఉండగానే, కలపకముందే, ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడుముతూ చూసుకోండి.