మందు ఎందుకు పట్టదు?

“మందు పట్టలేదు” అనే మాట మన ఇళ్లల్లో తరచూ వింటాం. జ్వరానికైతే డాక్టరు మందు మారుస్తారు, అంతటితో సరి. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ మాట వినబడితే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. మొదట కణితి కరిగింది, కొన్నాళ్లకి మళ్లీ పెరిగింది. మందు అదే, మోతాదూ అదే. “ఆవిడ ఒంటితత్వం అంతే” అని ఎవరో ఒకరు అనేస్తారు. నిజానికి చాలాసార్లు మందుకి లొంగనిది ఆవిడ ఒళ్లు కాదు, ఆ క్యాన్సర్ కణాలు. అవి ఎలా తప్పించుకుంటాయో తెలియాలంటే ప్రోటీన్ల సంగతి తెలియాలి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే జన్యువులు ఒకటే. వంటల పుస్తకం ఒకటే అయినా ఏ ఇంట్లో ఏ వంట ఎంత వండారన్నది వేరు కదా! అలాగే ఏ జన్యువు నుంచి ఏ ప్రోటీన్ ఎంత తయారైందన్నది కణానికీ కణానికీ మారుతుంది. దీన్నే ‘వ్యక్తీకరణ’ అంటారు. క్యాన్సర్ కణాల్లో ఈ లెక్క తప్పుతుంది.

మొదటి ఉదాహరణ మన తెలుగువాడి మందుతోనే చెప్పుకోవచ్చు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిన రోజుల్లో అక్కడ మెథోట్రెక్సేట్ తయారైంది. తర్వాత రొమ్ము క్యాన్సర్‌కి కూడా దాన్ని మరి రెండు మందులతో కలిపి వాడారు. కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోవడానికి డీహెచ్ఎఫ్ఆర్ అనే ప్రోటీన్ కావాలి. ఈ మందు దాన్ని పట్టి ఆపేస్తుంది. మరి కణం ఏం చేసింది? 1978లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుక కణాల్లో ఆ గుట్టు కనిపెట్టారు. మందుకి లొంగని కణాల్లో ఆ జన్యువుకి బోలెడు నకళ్లున్నాయి. దాంతో ప్రోటీన్ ఎన్నో రెట్లు తయారవుతోంది. మందు కొన్నింటిని పట్టుకున్నా, పని జరగడానికి ఇంకా బోలెడు మిగులుతాయి.

రెండో దారి పీ-గ్లైకోప్రోటీన్. 1976లో బయటపడింది. ఇది కణం పైపొరలో ఉండే మోటారు పంపు లాంటిది. లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తుంది. డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటి మందుల్ని ఇది గెంటేయగలదు. అందుకే ఒక మందుకి లొంగని కణం దానికి సంబంధం లేని ఇంకో మందుకీ లొంగకపోవచ్చు. పోనీ ఆ పంపునే ఆపేద్దామంటే, మెదడునీ పేగునీ విషాల నుంచి కాపాడేదీ అదే!

ఇంతకీ ఈ కణాలు ఇంత తెలివి ఎక్కడ నేర్చాయి? నేర్చలేదు. పత్తి చేనుకి మందు కొడితే చాలా పురుగులు చస్తాయి. తట్టుకోగలిగిన నాలుగు మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండుతుంది. కణితిలోనూ అంతే.

ఇక హెర్-2. మామూలు రొమ్ము కణం మీద ఇవి వేలల్లో ఉంటే, కొన్ని క్యాన్సర్లలో కణానికి 20 లక్షల దాకా ఉంటాయి. ఒక్కోటీ “పెరుగు, పెరుగు” అని లోపలికి కబురు పంపుతుంది. దీన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో వచ్చింది. ధర చుక్కల్లో ఉండేది. మన బెంగళూరు బయోకాన్ 2014లో ‘కాన్‌మాబ్’ పేరుతో తక్కువ ధరకి దాని సాటి మందు తెచ్చింది. 2017లో బయోకాన్, మైలాన్ కలిసి తయారు చేసిన ఈ మందుకి అమెరికా అనుమతి కూడా వచ్చింది.

ఇక్కడా కణాలు దారులు వెతుక్కుంటాయి. కొన్నింట్లో హెర్-2 పైభాగం తెగిపోయి, మందు పట్టుకునే చోటే ఉండదు. లోపలి భాగం మాత్రం కబురు పంపుతూనే ఉంటుంది. కొన్నింట్లో పీటెన్ అనే బ్రేకు ప్రోటీన్ తగ్గిపోతుంది. మన ఐఐఎస్‌సీలో అన్నపూర్ణి రంగరాజన్‌గారి బృందం ఏఎంపీకే అనే ఇంకో ప్రోటీన్‌ని పరిశోధిస్తోంది. పట్టు తప్పిన రొమ్ము క్యాన్సర్ కణాలు చావకుండా నిలవడంలో దాని పాత్ర ఏమిటన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి.

ఇదంతా మనకెందుకంటారా? బయాప్సీ రిపోర్టులో హెర్-2 పక్కన 0, 1+, 2+, 3+ అని ఉంటుంది. 3+ అంటే ఎక్కువ. 2+ అయితే తేల్చడానికి ఫిష్ అనే ఇంకో పరీక్ష చేస్తారు. ఇప్పుడు తక్కువ హెర్-2 ఉన్నవాళ్లలో కొందరికీ పనిచేసే మందు వచ్చింది కాబట్టి 1+ కూడా పనికొచ్చే సమాచారమే. పైగా తిరగబెట్టిన క్యాన్సర్‌లో ఈ లెక్క మారి ఉండొచ్చు. అందుకే డాక్టర్లు మళ్లీ ముక్క తీసి చూద్దామంటారు.

సరిగ్గా అక్కడే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. “సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది” అని భయం. రొమ్ము కణితికి సూదితో చేసే బయాప్సీ సురక్షితమైన పరీక్షే. అది చేయించకపోతే ఏ ప్రోటీన్ ఎంత ఉందో తెలియదు, ఏ మందు పడుతుందో తెలియదు. రేపు అనంతపురం నుంచో చిత్తూరు నుంచో ఏ పిన్నిగారో అత్తయ్యో కిద్వాయ్‌కి చూపించుకోవడానికి వస్తే, పాత రిపోర్టులన్నీ వెంట తెమ్మని చెప్పండి. పక్కన కూర్చుని, “హెర్-2 ఎంతుందండీ? మళ్లీ చూడాలా?” అని డాక్టర్ని అడగండి.