ఆయిల్ తాగే క్యామ్రీ

అమెరికాలో ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన తెలుగు కుర్రాళ్లకు మొదటి కారు చాలాసార్లు సీనియర్ల దగ్గర్నుంచే వస్తుంది. చదువు ముగిసి వేరే రాష్ట్రంలో ఉద్యోగం దొరికినవాడు అమ్ముతాడు. కూరగాయలకు వెళ్లాలన్నా బస్సు లేని ఊళ్లో అప్పుడే దిగినవాడు కొంటాడు. అలా చేతులు మారే పాత సెడాన్లలో టొయోటా క్యామ్రీకి మంచి పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. అయితే 2007, 2008, 2009 మోడళ్లలో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన క్యామ్రీని కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం అవసరం.

క్యామ్రీ ముందు చక్రాలతో నడిచే కుటుంబ కారుగా 1982లో రూపు దిద్దుకుంది. 1988 నుంచి కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్ ఫ్యాక్టరీలో అమెరికన్ కార్మికుల చేతుల మీదుగానే తయారవుతోంది. 1997 తర్వాత దాదాపు ప్రతి ఏటా ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడైన సెడాన్ ఇదే. 2006లో కొత్త రూపంతో, 2007 మోడల్ పేరుతో వచ్చిన తరంలో నాలుగు సిలిండర్ల రకానికి 2.4 లీటర్ల ఇంజిన్ అమర్చారు. దాని పేరు 2ఏజెడ్-ఎఫ్ఈ. శక్తి 158 హార్స్‌పవర్. ఇందులో టైమింగ్ బెల్టు బదులు గొలుసు ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లకోసారి బెల్టు మార్పించే ఖర్చు యజమానికి తప్పింది. చిక్కంతా పిస్టన్ల దగ్గర మొదలైంది.

ప్రతి పిస్టన్ చుట్టూ మూడు రింగులుంటాయి. పై రెండూ మండే వాయువుల ఒత్తిడిని కిందికి జారనివ్వవు. మూడోది ఆయిల్ రింగు. సిలిండర్ గోడకు పూసుకున్న ఆయిల్‌లో అవసరమైనంత పలుచని పొరను ఉంచి, మిగతాదాన్ని గీకి కిందికి పంపడం దాని పని. గీకిన ఆయిల్ పిస్టన్‌కు ఉన్న సన్నని రంధ్రాల గుండా ఇంజిన్ అడుగునున్న సంపులోకి తిరిగిపోవాలి. వేడికి మాడిన ఆయిల్ మసిగా మారి ఆ రంధ్రాల్లో పేరుకుంటే దారి మూసుకుపోతుంది. రింగు తన గాడిలో బిగుసుకుపోతుంది. గోడమీద మిగిలిపోయిన ఆయిల్ పెట్రోలుతో పాటు మండిపోతుంది. మెకానిక్‌లు ‘బండి ఆయిల్ తాగుతోంది’ అనేది దీన్నే.

ఫిర్యాదులు పెరిగాక టొయోటా అమెరికాలో ఒక పరీక్ష పెట్టింది. డీలరు ఆయిల్ నింపి, సీలు వేసి, కారును పంపిస్తాడు. 1,200 మైళ్లు తిరిగొచ్చేసరికి ఒక క్వార్ట్ కంటే ఎక్కువ, అంటే సుమారు 950 మిల్లీలీటర్లకు మించి తగ్గితే లోపం ఉన్నట్టు లెక్క. అలా తేలిన కార్లకు మార్చిన డిజైన్‌తో కొత్త పిస్టన్లు, రింగులు ఉచితంగా వేశారు. ఈ వారంటీ గడువు పదేళ్లు లేదా 1,50,000 మైళ్లు, ఏది ముందైతే అది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇవాళ కొనేవారికి ఆ ఖర్చంతా సొంతమే.

ఆ 1,200 మైళ్ల లెక్కను కాస్త పొడిగించి చూడండి. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ నాలుగు లీటర్లకు కాస్త అటూ ఇటూ. మామూలు ఆయిల్ వాడితే 5,000 మైళ్లకోసారి మార్చాలి. 1,200 మైళ్లకు ఒక క్వార్ట్ చొప్పున తాగే ఇంజిన్, తర్వాతి ఆయిల్ మార్పు వచ్చేలోగా దాదాపు మొత్తం తాగేస్తుంది! డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది కదా అని ధైర్యంగా ఉండకూడదు. ఆ దీపం ఆయిల్ ఒత్తిడి పడిపోతేనే వెలుగుతుంది, మట్టం తగ్గితే కాదు. అది వెలిగేటప్పటికి బేరింగులు పొడిగా రాపిడికి గురై ఉండవచ్చు. వెనుక నీలం పొగ వస్తుందని చూసేవాళ్లు కూడా మోసపోతారు. నెమ్మదిగా మండే ఆయిల్ పొగ కంటికి కనబడకపోవచ్చు.

రింగులు మార్చడం పెద్ద పని. రింగుల ఖరీదు పెద్దదేమీ కాదు గానీ, వాటిని చేరుకోవడానికి ఇంజిన్ విప్పాలి. గంటకు వంద డాలర్లు దాటే కూలి ఉన్న దేశంలో బిల్లు వేలల్లోకి వెళ్తుంది. లక్షన్నర మైళ్లు తిరిగిన కారు ధరే అంత ఉండకపోవచ్చు. అందుకే చాలామంది అనుభవజ్ఞులు ఈ పని చేయించరు. డిక్కీలో ఒక ఆయిల్ డబ్బా పెట్టుకుని, పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూసి, తగ్గినంత పోస్తారు. ఇది పిసినారితనం కాదు, సరైన లెక్క. కొన్ని డాలర్ల ఆయిల్‌తో ఆ ఇంజిన్ ఏళ్ల తరబడి నడవగలదు. అయితే ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది: మండిన ఆయిల్‌లోని భాస్వరం సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్ మీద పూతలా పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. పల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుండే ఆ భాగం మార్చాలంటే మళ్లీ పెద్ద ఖర్చే. కాలిఫోర్నియాలోనైతే ఆ రాష్ట్రం ఆమోదించిన రకమే వేయాలి, అది ఇంకా ప్రియం.

ఆరు సిలిండర్ల క్యామ్రీ కొన్నవారికి ఈ రింగుల బాధ లేదు. వారికి మరొకటి ఎదురైంది. వాల్వుల సమయాన్ని సర్దే వ్యవస్థకు ఆయిల్ తీసుకెళ్లే పైపులో ఒక చిన్న రబ్బరు ముక్క ఉండేది. అది పగిలితే ఆయిల్ వేగంగా బయటికి పోయి, ఇంజినే పట్టేసే ప్రమాదం ఉంది. కంపెనీ దాని బదులు పూర్తిగా లోహపు పైపు ఇచ్చింది. పాత కారులో ఆ మార్పు జరిగిందో లేదో బానెట్ ఎత్తి చూసుకోవాలి.

టెక్సాస్, ఫ్లోరిడా ఎండల్లో ఈ తరం కార్ల డాష్‌బోర్డులు జిగురుగా మారి మెరవడం కూడా మామూలే. ప్రాణాపాయం కాదు గానీ, ఆ మెరుపు అద్దం మీద పడి డ్రైవరు కళ్లకు అడ్డం వస్తుంది.

ఇలాంటి మచ్చ ఒక్క టొయోటాకే పరిమితం కాదు. 2006 నుంచి 2008 దాకా వచ్చిన 1.8 లీటర్ల హోండా సివిక్‌లలో కొన్నింటి ఇంజిన్ బ్లాకు చిట్లి కూలెంటు కారింది. దానికీ కంపెనీ పదేళ్ల హామీ ఇవ్వాల్సి వచ్చింది. అందుకే పాత సెడాన్‌ను పేరు చూసి కాక మోడల్ సంవత్సరం చూసి కొనాలి. అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లి, కారును ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత ఉందో, ఏ రంగులో ఉందో చూడాలి. కిందటిసారి ఎప్పుడు, ఎన్ని మైళ్లకు మార్పించారో రసీదులు అడగాలి. బయటి మెకానిక్‌కు కొంత రుసుము ఇచ్చి పరీక్ష చేయించడం వృథా ఖర్చు కానే కాదు.

2010 మోడల్‌కు టొయోటా ఈ ఇంజిన్‌ను వదిలేసి, 2.5 లీటర్ల కొత్త ఇంజిన్‌ను, ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును వేసింది. ముందు అద్దానికి డ్రైవరు వైపు కింది మూలన కనిపించే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యలో పదోది సంవత్సరాన్ని చెబుతుంది. అక్కడ 7, 8, 9 ఉంటే ఆ మూడేళ్లలో ఒకటి, ‘ఏ’ ఉంటే 2010.